‘మీకు అపాయము కలుగునప్పుడు నేను నవ్వెదను’ – ఈ మాట ఎవరికి?

తమ్ముడూ, ముందు సూటిగా జవాబు చెబుతాను, వివరం తరువాత. దేవుడు మిమ్మల్ని చూసి నవ్వడం లేదు. మీ ప్రార్థనకు తలుపు మూసుకుపోలేదు. అలాగని ఆదివారం మీరు విన్న వాక్యాన్ని ఉత్త బెదిరింపుగా కొట్టిపారేయలేం. దాన్ని మెత్తబరిచి నాలుగు ఓదార్పు మాటలు చెబితే ఈ రాత్రికి మీకు నిద్ర పడుతుందేమో గాని రేపు మళ్లీ అదే భయం పట్టుకుంటుంది. ఆ మాట ఉన్న సామెతలు 1వ అధ్యాయాన్ని మొదటినుంచి చివరిదాకా వింటేనే మీకు ఊరటా దొరుకుతుంది, దారీ దొరుకుతుంది.

ఇది చదివే మిగతావారి కోసం మీ సంగతి క్లుప్తంగా చెబుతాను. మీ బావమరిది చిట్టీ పాడుకున్నప్పుడు మీరు హామీ సంతకం పెట్టారు. మీ అమ్మగారు వద్దన్నారు, సామెతలు 22వ అధ్యాయం తెరిచి అప్పులకు పూటపడవద్దన్న, అంటే హామీ ఉండవద్దన్న మాట వేలుపెట్టి చూపించారు. మీరు నవ్వేసి, ఈ కాలంలో అవన్నీ కుదరవని వెళ్లి సంతకం చేశారు. అతను వాయిదాలు ఆపేశాడు. ఇప్పుడు నోటీసు మీ పేరున వచ్చింది. రాత్రుళ్లు ప్రార్థిస్తున్నారు, జవాబు రావడం లేదు. ఇంతలో సంఘంలో కాపరిగారు సామెతలు 1:24-28 మీద ప్రసంగించారు. మీ కాలనీలో ఇంటి ప్రార్థన నడిపే ఒక సహోదరి, ఉద్యోగం మాని తన పరిచర్యలో చేరమని తాను చెప్పిన ‘ప్రవచనం’ మీరు తోసిపుచ్చినందుకే ఇదంతా వచ్చిందన్నారు. సంఘంలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లడం కూడా మీరు మానేశారు. దేవుని నడిపింపును ఒకసారి కాలదన్నినవాడికి మళ్లీ దారి ఉంటుందా అన్నది మీ ప్రశ్న.

చాలామంది చేసే పొరపాటు ఆ భాగాన్ని 24వ వచనంలో మొదలుపెట్టడం. ప్రసంగంలో అక్కడినుంచి చదివితే దెబ్బ గట్టిగా తగులుతుంది, నిజమే. కాని పిలిచిన స్వరం ఎక్కడ నిలబడి పిలిచిందో 20, 21 వచనాలు చెబుతాయి. జ్ఞానం వీధుల్లో కేకలు వేస్తోంది, సంతవీధుల్లో బిగ్గరగా పలుకుతోంది, పట్టణపు గుమ్మాల్లో ప్రకటిస్తోంది. ఇశ్రాయేలు పట్టణాల్లో గుమ్మం అంటే రాకపోకల దారి మాత్రమే అనుకోవద్దు. పెద్దలు కూర్చునేది అక్కడ, తగవులు తీరేది అక్కడ, భూముల బేరాలకు సాక్షులు దొరికేది అక్కడ. బోయజు రూతు సంగతి తేల్చుకున్నది బేత్లెహేము గుమ్మం దగ్గర, పదిమంది పెద్దలను కూర్చోబెట్టుకుని. మన హైదరాబాదు పాతబస్తీ గోడకు ఒకప్పుడు ఎన్నో దర్వాజాలు ఉండేవి, ఇప్పుడు పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలే మిగిలాయి. అలాంటి చోట, మనుషులు సరుకు కొనే చోట, మాట ఇచ్చే చోట, సంతకం పెట్టే చోట జ్ఞానం గొంతెత్తి అరుస్తోందని ఆ వచనాల భావం. మోండా మార్కెట్ రద్దీలో, కోఠి చౌరస్తాలో, చిట్టీ కంపెనీ కౌంటర్ ముందు అనుకోండి.

ఇది ఎందుకు ముఖ్యమంటే, దేవుని నడిపింపు అంటే మనలో చాలామందికి కల, దర్శనం, ఒంటరిగా కొండెక్కినప్పుడు వినబడే స్వరం. సామెతల గ్రంథానికి అది బజారు సంగతి. అందరికీ వినబడేలా, ముందే, పదేపదే చెప్పిన మామూలు బుద్ధి. మీకు వచ్చిన నడిపింపు ఏ ఆకాశవాణి రూపంలోనూ రాలేదు. వంటింట్లో అమ్మ చేతిలోని బైబిలు రూపంలో వచ్చింది. దాన్ని మీరు గుర్తుపట్టలేదని దేవుడు కోపగించి మాట్లాడడం మానేశాడనుకుంటే, ఆయన ఎలా మాట్లాడతాడన్న సంగతిలోనే పొరబడుతున్నట్టు.

తరువాత 22వ వచనం చూడండి. ముగ్గురిని పిలుస్తుంది: జ్ఞానం లేనివారు, అపహాసకులు, బుద్ధిహీనులు. ముగ్గురినీ ఒకే ప్రశ్న అడుగుతుంది, ఎన్నాళ్లు అని. ఎన్నాళ్లు అని అడిగే నోరు ఇంకా గడువు ముగియలేదని ఒప్పుకుంటోంది. వెంటనే 23వ వచనంలో మాట ఇస్తుంది: ‘నా గద్దింపు విని తిరుగుడి’, అలా తిరిగితే నా ఆత్మను మీ మీద కుమ్మరిస్తాను, నా ఉపదేశం మీకు తెలియజేస్తాను అని. అపహాసకుడికి కూడా ఈ మాట ఇచ్చిందని గమనించండి. ఆ తరువాతే 24 వస్తుంది. మీరు విన్న భయంకరమైన మాటలన్నీ ఈ వాగ్దానానికి జవాబు ఇవ్వనివారి గురించి. పిలిచాను, వినలేదు. చెయ్యి చాపాను, పట్టించుకోలేదు. బోధించాను, తోసేశారు. గద్దించాను, లోబడలేదు. నాలుగు క్రియలు. ఒక సాయంత్రం పెట్టిన ఒక సంతకాన్ని వర్ణించే మాటలు కావివి. ఏళ్ల తరబడి నిలబడి పిలిచినవాడి వైపు తల తిప్పనివాడి బతుకంతా వర్ణిస్తున్నాయి. మీరు చేసింది తప్పు కాదని అనడం లేదు, తప్పే. అమ్మ మాటను తేలిగ్గా తీసుకున్నారు, వాక్యాన్ని పాతబడిన మాటగా తీసిపారేశారు. అయినా మీరు ఆ ఒక్క తప్పును ఈ నాలుగు క్రియలతో సమానం చేసి మీ మీద తీర్పు మీరే రాసుకుంటున్నారు.

ఇక నవ్వు సంగతి. మీ నిద్ర చెడగొట్టినది ఈ మాటే అని అర్థమైంది. ఇక్కడ మాట్లాడేది జ్ఞానం. సామెతలు 1, 8, 9 అధ్యాయాల్లో జ్ఞానం ఒక స్త్రీగా వచ్చి పిలుస్తుంది, ఇల్లు కట్టుకుంటుంది, విందుకు రమ్మంటుంది. ఆమె దేవుని పక్షాన మాట్లాడుతోంది గనుక ఆమె మాటకు బరువు తక్కువేమీ లేదు. కాని ఆమె ఎవరిని చూసి నవ్వుతోంది? అపహాస్యం చేస్తూ ఆనందించేవారిని. వాళ్ల నవ్వే వాళ్లకు తిరిగొస్తోంది. మాట విననివాడికి ఆపద వచ్చినప్పుడు, అతడు ఎగతాళి చేసిన మాటే నిజమై ఎదుట నిలబడుతుంది, ఆ నిలబడడం అతడికి నవ్వులా వినబడుతుంది. కవిత్వంలో చెప్పిన ఈ సంగతిని పట్టుకుని, దేవుడు పరలోకంలో కూర్చుని మీ కష్టాన్ని చూసి చప్పట్లు కొడుతున్నాడని ఊహించకండి. ఇదే జ్ఞానం 8:31లో నరులను చూచి ఆనందించుచునుంటిని అంటుంది. యెహెజ్కేలు 33:11లో దుర్మార్గుడు చనిపోవడం వల్ల తనకు సంతోషం లేదని దేవుడే ప్రమాణం చేస్తాడు.

అంతకన్నా స్పష్టమైనది లూకా 19. నడిపింపును తోసిపుచ్చిన పట్టణం యెరూషలేము కన్నా మరొకటి లేదు. ప్రవక్తలను పంపితే చంపారు. కోడి తన పిల్లలను రెక్కల కింద చేర్చుకున్నట్టు చేర్చుకుందామనుకున్నాను, మీరు ఒల్లకపోతిరి అని యేసు అంతకు ముందే అన్నాడు (లూకా 13:34). ఆ పట్టణం మీదికి రాబోయే ముట్టడి ఆయనకు తెలుసు. క్రీ.శ. 70లో రోమా సైన్యం దాన్ని నేలమట్టం చేసింది కూడా. దాని దగ్గరికి వచ్చి, దాన్ని చూసి ఆయన చేసిన పని ఏడవడం. హెచ్చరిక నెరవేరింది, తీర్పు ఆగలేదు, కాని తీర్పు చెప్పినవాడి కళ్లలో నీళ్లున్నాయి. సామెతలు 1ని లూకా 19తో కలిపి చదవకుండా ప్రసంగించడం సగం వాక్యం చెప్పడమే అని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన 28వ వచనానికి వద్దాం. వారు మొరపెడతారు, నేను జవాబివ్వను, వెదకుతారు, కనబడను. మా వాక్య తరగతిలో ఈ వచనం దగ్గర ఆగిపోయి ముందుకు కదలలేనివారిని చాలామందిని చూశాను. ముషీరాబాద్ నుంచి వచ్చే ఒక పెద్దావిడ తన బైబిల్లో ఆ ఒక్క వచనం కింద పెన్సిలుతో గీత గీసి, ఆ కింది వచనాల మీద వేలు ఎప్పుడూ పెట్టేది కాదు. 29, 30 పెద్దగా చదవమన్నాను. జ్ఞానము వారికి అసహ్యమాయెను. నా ఆలోచన విననొల్లకపోయిరి. అంటే మొరపెట్టే సమయంలో కూడా వాళ్లకు జ్ఞానం అంటే అసహ్యమే. ఆపద తొలగితే చాలు, ఆలోచన అక్కర్లేదు. కావలసింది గండం గట్టెక్కడం, గట్టెక్కగానే పాత దారే. అలాంటి వెదకులాటకు జ్ఞానం దొరకదు.

ఇశ్రాయేలు రాజు సౌలు అలా వెదికాడు. ఫిలిష్తీయుల సేనను చూసి గుండె అదిరి యెహోవాను అడిగితే కలల ద్వారా గాని, యాజకుడు దేవుని చిత్తం తెలుసుకునే ఊరీము ద్వారా గాని, ప్రవక్తల ద్వారా గాని జవాబు రాలేదు (1 సమూయేలు 28:6). ఆ మౌనానికి అతడు చేసినది ఏమిటి? మారువేషం వేసుకుని ఏన్దోరులో కర్ణపిశాచి గల స్త్రీ దగ్గరికి, అంటే చనిపోయినవారితో మాట్లాడించే సోదెగత్తె దగ్గరికి వెళ్లడం. అంతకు చాలా ముందే, సమూయేలు అతడిని గద్దించిన రోజున, పాపం చేశానని ఒప్పుకుంటూనే, నా జనుల పెద్దల యెదుట నన్ను ఘనపరచుము అని బతిమాలుకున్నాడు. పరువు నిలబడాలి, అంతే. యిర్మీయా 42లో మరో గుంపు ఉంది. మేలైనా కీడైనా దేవుని మాట వింటాం, మా కోసం అడుగు అని ప్రవక్తను ప్రాధేయపడ్డారు. పది రోజుల తరువాత జవాబు వచ్చింది, ఐగుప్తుకు వెళ్లవద్దని. వెంటనే నువ్వు అబద్ధం చెబుతున్నావన్నారు. వాళ్లు అప్పటికే ఐగుప్తు దారిలో బేత్లెహేము దగ్గర మూటలు దించుకుని ఉన్నారు. మనసులో నిర్ణయించేసుకుని దేవుని సంతకం కోసం ప్రార్థించడం మన సంఘాల్లోనూ తక్కువేమీ కాదు.

ఇప్పుడు రెండో పక్క చూడండి. మనష్షే యూదాను 55 ఏళ్లు ఏలాడు. తన కుమారులను బెన్‌హిన్నోము లోయలో అగ్నిగుండా దాటించాడు. దేవుడు అతడికీ అతడి ప్రజలకూ వర్తమానాలు పంపినా చెవియొగ్గలేదని 2 దినవృత్తాంతములు 33:10 చెబుతుంది. సామెతలు 1:24 చెప్పిన నేరం ఇదే, ఇంతకన్నా అచ్చుగుద్దినట్టు ఇంకెవరిలోనూ కనబడదు. అష్షూరు రాజు సేనాధిపతులు అతడిని సంకెళ్లతో బబులోనుకు ఈడ్చుకుపోయారు. అక్కడ, ఆ శ్రమలో, తన్ను తాను బహుగా తగ్గించుకుని మొరపెట్టాడు. దేవుడు విన్నాడు. యెరూషలేముకు తిరిగి తెచ్చాడు. అతడు వచ్చాక విగ్రహాలు తీయించాడు. కీర్తన 107 కూడా చదవండి. మహోన్నతుని తీర్మానాన్ని తృణీకరించి ఇనుప కట్లలో చీకట్లో కూర్చున్నవారు కష్టకాలంలో మొరపెట్టారు, ఆయన విడిపించాడు. సామెతలు 1లో శిక్ష తెచ్చిన పాపమూ, కీర్తన 107లో విడుదల పొందినవారి పాపమూ ఒకటే. తేడా పాపంలో లేదు, మొరలో ఉంది.

మనష్షే కథలో మరో సగం కూడా చెప్పాలి, దాన్ని దాచితే మిమ్మల్ని మోసం చేసినట్టే. అతడు మారాడు, క్షమాపణ పొందాడు. కాని అతడి కొడుకు ఆమోను తండ్రి పాత బాటలోనే నడిచాడు. మనష్షే రేపిన కోపం మనుమడు యోషీయా రాజు చేసిన సంస్కరణల తరువాత కూడా చల్లారలేదని 2 రాజులు 23:26 రాసింది. క్షమాపణ వచ్చినంత మాత్రాన చేసినదాని ఫలితాలు చెరిగిపోవు. మీ విషయంలోనూ అంతే. దేవుడు విన్నాడు అనడానికి గుర్తుగా ఆ నోటీసు మాయమైపోవాలని మీరు ఎదురుచూస్తుంటే, మీకు మౌనమే వినబడుతుంది.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెబుతాను. 2020 అక్టోబరు వానలకు హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. గేట్లు ఎత్తినప్పుడల్లా మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్, మూసానగర్, మూసారాంబాగ్ లోతట్టు ఇళ్ల మధ్య మైకులో ఇళ్లు ఖాళీ చేయమని చెబుతారు. ఆ మైకుకు ఒక వేళ ఉంది. నీళ్లు గడప దాటాక ఎంత గట్టిగా పిలిచినా మైకు వచ్చి నీళ్లను వెనక్కి పంపదు. అప్పుడు రావలసింది పడవ. సామెతలు 1:27 తుపాను, సుడిగాలి అని చెబుతున్నది ఆ మైకు వేళ దాటిపోయిన ఘడియ గురించి. సంతకానికి ముందు మీకు కావలసిన జ్ఞానం వేరు, అది చేసే పని అప్పుడే చేయగలిగేది. ఇప్పుడు మీకు కావలసిన మాట వేరు, దాన్ని వినాలి.

ఆ రెండో మాట ఎలా ఉంటుందో అపొస్తలుల కార్యములు 27లో ఉంది. దేవుని హెచ్చరికను కాదన్నవారికి తరువాత ఏం జరుగుతుందో ఇంత వివరంగా చెప్పిన అధ్యాయం బైబిలంతటిలో మరొకటి లేదని నా అభిప్రాయం. పౌలును ఖైదీగా రోముకు తీసుకెళుతున్న ఓడ క్రేతులో మంచిరేవులు అనే చోట ఆగింది. ఉపవాస దినం దాటిపోయింది, అంటే సముద్రయానానికి మంచి రోజులు అయిపోయాయి. ఇక కదిలితే సరుకుకూ ఓడకూ ప్రాణాలకూ నష్టమేనని పౌలు చెప్పాడు. శతాధిపతి ఓడ నడిపేవాడి మాట, ఓడ యజమాని మాట విన్నాడు. అందులో అతడి తప్పు ఇంతే అని తేలిగ్గా చెప్పలేం, అనుభవం ఉన్నవాళ్ల మాటే కదా విన్నది. ఆ తరువాత వచ్చే వచనం మీరు నెమ్మదిగా చదవాలి. దక్షిణపుగాలి మెల్లగా విసరుచుండగా, వారు తమ ఆలోచన సమకూడినదని తలంచి బయలుదేరారు. అనుకూలమైన గాలిని చూసి అనుమతి వచ్చిందనుకున్నారు. మీ బావమరిది మొదటి వాయిదాలు సక్రమంగా కట్టినన్నాళ్లు మీరూ అమ్మను చూసి లోలోపల ఏమనుకున్నారో మీకే తెలుసు.

తరువాత ఊరకులోను అనే పెనుగాలి కొట్టింది. చాలా రోజులు సూర్యుడు లేడు, నక్షత్రాలు లేవు. బతుకుతామన్న ఆశ పోయింది. పౌలు వాళ్ల మధ్య నిలబడి మొదట అన్న మాట, అయ్యలారా, మీరు నా మాట విని క్రేతునుండి బయలుదేరకయే యుండవలసినది. చెప్పాల్సింది చెప్పాడు, దాటవేయలేదు. ఆ వెంటనే, ఇప్పుడైనను ధైర్యము తెచ్చుకొనుడి, ఓడకే గాని మీలో ఎవని ప్రాణమునకును హాని కలుగదు అన్నాడు. అదే నోటితో, అదే పూటలో. గద్దింపు, వాగ్దానం పక్కపక్కనే.

కథ అక్కడితో అయిపోలేదు. నడిరాత్రి లోతు కొలిస్తే ఇరవై బారలు, కొంచెం ముందుకు వెళితే పదిహేను. రాళ్లకు కొట్టుకుంటామని భయపడి వెనక నాలుగు లంగరులు దించి, తెల్లవారితే చాలని ఎదురుచూస్తున్నారు. ఓడవాళ్లు లంగరు వేస్తున్నట్టు నటించి చిన్న పడవ దించి పారిపోబోయారు. వీళ్లు ఓడలో లేకపోతే మీరు తప్పించుకోలేరని పౌలు శతాధిపతికి చెప్పాడు. ఈసారి సైనికులు మారు మాట్లాడకుండా పడవ తాళ్లు కోసేశారు. మంచిరేవుల దగ్గర విననివాళ్లే ఇక్కడ విన్నారు. తెల్లవారుతుండగా 276 మందీ రొట్టె తిన్నారు, మిగిలిన గోధుమలు సముద్రంలో పారబోశారు, చివరికి ఈదగలిగినవారు ఈది, మిగిలినవారు పలకలు పట్టుకుని ఒడ్డుకు చేరారు. ఓడ పోయింది. సరుకు పోయింది. ఒక్కరూ చావలేదు. మొదటి మాట వినకపోవడం వల్ల ఓడ పోయింది, రెండో మాట వినడం వల్ల ప్రాణాలు నిలిచాయి.

మీ రెండో మాట ఏది అని అడుగుతారు. నేను కొత్తగా ప్రవచించనక్కర్లేదు, సామెతల గ్రంథంలోనే ఉంది, మిమ్మల్ని భయపెట్టిన పేజీకి కొన్ని పేజీల అవతల. ఆరో అధ్యాయం మొదటి అయిదు వచనాలు అచ్చంగా పూటపడి చిక్కుకున్నవాడికే రాసినవి. చెలికాని కొరకు పూటపడితివా, నీ నోటి మాటల వలన పట్టబడియున్నావు అంటుంది. ఆ తరువాత నవ్వదు. నా కుమారుడా అని పిలుస్తుంది. త్వరపడి వెళ్లు, నీ చెలికాణ్ని బలవంతపెట్టు, కళ్లకు నిద్ర రానివ్వకు, వేటగాడి చేతినుంచి లేడి తప్పించుకున్నట్టు తప్పించుకో అంటుంది. ఒకటో అధ్యాయం చెప్పిన జ్ఞానం తలుపు వేసుకుని వెళ్లిపోయి ఉంటే ఆరో అధ్యాయం రాయవలసిన అవసరమే లేదు.

అందుకని రాత్రి ప్రార్థనలో ‘ఈ నోటీసు తీసేయి ప్రభువా’ అనడం ఆపి, ‘రేపు ఎవరిని కలవాలి, ఏమి చెప్పాలి’ అని అడగండి. బావమరిది దగ్గరికి మీరే వెళ్లండి, ఫోనులో తిట్టుకోవడం కాకుండా కూర్చుని మాట్లాడండి, అతను నెలకు ఎంత కట్టగలడో కాగితం మీద రాయించండి. కంపెనీ మేనేజరును కలిసి మిగిలిన వాయిదాల లెక్క తీసుకోండి. చిట్టీకి ఇంకెవరైనా హామీదారులు సంతకం పెట్టి ఉంటే భారం ఒక్కరి నెత్తినే పడనక్కర్లేదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం సహ హామీదారులు సమానంగా భరించాలంటుంది. మీరు కట్టినదాన్ని బావమరిది నుంచి రాబట్టుకునే హక్కు కూడా అదే చట్టం ఇస్తుంది. సివిల్ కోర్టు డిక్రీ కింద జీతం జప్తు చేసినా నెలకు మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ముట్టకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్. మొత్తం జీతం పోతుందన్న భయం మీకెవరు పెట్టారో గాని అది నిజం కాదు. చిట్‌ఫండ్ తగవులు రిజిస్ట్రార్ ఎదుటికి వెళతాయి గనుక అక్కడినుంచి కాగితం వస్తే దాచిపెట్టకుండా న్యాయవాదికి చూపించండి.

దాచడం అంటే గుర్తొచ్చింది. నోటీసు సంగతి మీ భార్యకు గాని, అమ్మగారికి గాని ఇంకా చెప్పలేదని రాశారు. ఈ ముడి అక్కడే బిగుసుకుంది. అతిక్రమములను దాచిపెట్టువాడు వర్ధిల్లడు, వాటిని ఒప్పుకొని విడిచిపెట్టువాడు కనికరము పొందును అని సామెతలు 28:13. మీరు తోసిపుచ్చిన నడిపింపు అమ్మగారి నోట వచ్చింది. అమ్మ దగ్గరికి వెళ్లి, నువ్వు చెప్పింది నిజం, నేను వినలేదు అని చెప్పండి. దేవుని ముందు గంటల తరబడి ఏడవడం కన్నా ఇది కష్టమని నాకు తెలుసు. భార్యకు కూడా మీరే చెప్పాలి. తన తమ్ముడి సంగతి వేరొకరి నోట వింటే ఆమె మనసు రెండు విధాలా విరుగుతుంది.

కాలనీ సహోదరి మాట గురించి సూటిగానే చెబుతాను. అమ్మగారి హెచ్చరికకూ ఆవిడ మాటకూ పొత్తు లేదు. అమ్మగారు అధ్యాయం, వచనం చూపించారు, అందులో ఆమెకు వచ్చేదేమీ లేదు. ఆవిడ చెప్పినదానికి వాక్యంలో ఆధారం చూపలేదు, పైగా మీరు వింటే ఆవిడ పరిచర్యకు మనిషి దొరుకుతాడు. ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి అన్న పౌలే ఆ వెంటనే సమస్తమును పరీక్షించమన్నాడు (1 థెస్సలొనీకయులకు 5:20-21). బెరయ పట్టణం వారు పౌలు చెప్పినది కూడా లేఖనాలతో పోల్చి చూశారు, అందుకు అపొస్తలుల కార్యములు రాసిన లూకా వాళ్లను మెచ్చుకున్నాడు. 1 రాజులు 13లో ఒక ముసలి ప్రవక్త, దేవదూత నాతో చెప్పాడని అబద్ధమాడి ఒక దైవజనుణ్ని దారి తప్పించాడు. ఆ దైవజనుడు చేసిన తప్పు, తనకు దేవుడు నేరుగా చెప్పిన మాటకు పైన మరొకరి ‘దర్శనాన్ని’ పెట్టడం. అప్పు నెత్తిన ఉన్నవాణ్ని జీతం మానేయమని చెప్పిన మాటను మీరు వినకపోవడం దేవుని నడిపింపును తోసిపుచ్చడం కాదు. దాని కోసం పశ్చాత్తాపపడవలసిన పనీ లేదు. మనిషికి కష్టం వచ్చిన తరువాత వచ్చి, ఇది ఫలానా పాపానికి శిక్ష అని లెక్క చెప్పినవారు యోబు చుట్టూ కూర్చున్నారు, చివరికి దేవుడు గద్దించినది వాళ్లను.

ఒక పూట కూటికి జ్యేష్ఠత్వం అమ్ముకున్న ఏశావు గురించి, క్షమించరాని పాపం గురించి కూడా ఒక వాక్యంలో అడిగారు. ఏశావు కన్నీళ్లు పెట్టి వెదికినది ఆశీర్వాదాన్ని, పోయిన జ్యేష్ఠత్వం వెనక్కి రావాలని. హెబ్రీ పత్రిక ఆ ఉదాహరణ చెప్పినది విశ్వాసంలో అలసిపోయినవారిని నిలబెట్టడానికి, తిరిగి వచ్చేవారిని గెంటడానికి కాదు. ఇక క్షమించరాని పాపం, అంటే పరిశుద్ధాత్మ విషయమైన దూషణ, మార్కు 3లో యెరూషలేము నుంచి వచ్చిన శాస్త్రుల సంగతి. కళ్లెదుట జరిగిన విడుదలను చూసి అది దయ్యాల అధిపతి పని అన్నారు. చిట్టీ కాగితం మీద మీ సంతకానికీ దానికీ సంబంధం లేదు.

చివరగా బల్ల. 1 కొరింథీయులకు 11:28 మీద భయంతో మానేశానన్నారు. ఆ వచనం తీసి చూడండి. ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని ఆ పాత్రలోనిది త్రాగవలెను అని ఉంది. పరీక్షించుకుని మానేయమని లేదు, పరీక్షించుకుని తినమని ఉంది. అమ్మగారితో, మీ భార్యతో ఈ వారంలో మాట్లాడండి. మీ సంఘంలో సంస్కారం ఈసారి ఏ ఆదివారం ఇస్తారో చూసుకుని, ఇద్దరినీ వెంటబెట్టుకుని వెళ్లి బల్ల దగ్గర మోకరించండి.